కూనూరు చలివానలో చీర, పంచె

ఊటీ, కూనూరు అనగానే మనవాళ్ళకు ఏప్రిల్, మే నెలలే గుర్తుకొస్తాయి. పిల్లల సెలవులు, పూల ప్రదర్శన, పడవ షికారు, వచ్చేటప్పుడు ఒక నీలగిరి తైలం సీసా. నవంబరులో ఆ కొండ ఎక్కేవాళ్ళు తక్కువ. ఎక్కినా రెండు రోజులు హోటలు గదిలో ముడుచుకుని కూర్చుని, కిటికీలోంచి మంచు చూసి దిగి వచ్చేస్తారు. నేను మాత్రం 2022 అక్టోబరులో ఎక్కాను. షికారుకు కాదు, బ్యాంకువారు చేతిలో పెట్టిన బదిలీ కాగితం పట్టుకుని.

మాది కోయంబత్తూరు. ముత్తాత కాలంలో ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాటి నుంచి నాకు ఒకటే వేషం: గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర. బంధువుల పెళ్ళిళ్ళకు అటు వెళ్ళినప్పుడల్లా మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట చీరలు ఒకటో రెండో తెచ్చుకోవడం అలవాటు. సొగసు కోసం అనుకునేరు, అంత సీను లేదు. ఫైళ్ళ మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషికి నాది అని చెప్పుకునేందుకు ఏదో ఒకటి ఉండాలి కదా! పాత బ్రాంచిలో నా పేరు మరిచిపోయిన ఖాతాదారులు కూడా "గంజి చీర మేడమ్" అని అడిగేవారు.

మా నాయనది ఇంకా గట్టి పట్టు. ఆయన వయసు అప్పటికి 82. నూలు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మా వీధిలో మగవాళ్ళందరూ వేష్టి అడ్డంగా చుట్టుకునేవాళ్ళే. గోచీ పోసి, ముందు కుచ్చిళ్ళు దోపి, ఎనిమిది మూరల పంచె కట్టే మనిషి మా నాయన ఒక్కడే. చిన్నప్పుడు బడిలో పిల్లలు దాని గురించి నన్ను ఏడిపిస్తే ఇంటికొచ్చి ఏడ్చాను. నాయన నవ్వి, "ఊరు వాళ్ళది, కట్టు మనది. ఇద్దరికీ తగువు లేదు" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అమ్మ పోయి అప్పటికి ఏడాది. మావారికి తిరుప్పూరులో పని, ఆయన ఇంటికి వచ్చేది శని, ఆదివారాలు. నాయనను పగలంతా ఒంటరిగా వదలడం ఇష్టం లేక, నేను ముందు వెళ్ళి ఇల్లు చూసుకుని తరవాత తీసుకెళ్ళాలని అనుకున్నాం.

ఇక్కడ వాతావరణం గురించి కొంచెం చెప్పాలి. కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తులో ఉంది. ఊటీకీ దీనికీ మధ్య 2,637 మీటర్ల దొడ్డబెట్ట అడ్డం. నైరుతి వానలు కొండకు పడమటి వైపు కుమ్మరించేస్తాయి. కూనూరు, కోటగిరి తూర్పు ముఖాన ఉన్నాయి కాబట్టి వీటి వంతు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా చలి మొదలయ్యే వేళకే వాన కూడా. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని రేడియో చెప్పిందంటే ఇక్కడ బట్టలు ఆరవని లెక్క. 2009 నవంబరులో ఇలాంటి వానలకే నీలగిరి జిల్లాలో కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. అందుకని ఇక్కడివాళ్ళు ఈ వానను ముచ్చటగా చూడరు.

ఎండు చలి వేరు, తడి చలి వేరు. జనవరిలో ఊటీలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతుంది, కాని ఎండ రాగానే ప్రాణం లేచి వస్తుంది. కూనూరు నవంబరులో థర్మామీటరు అంత కిందికి దిగదు. పది, పన్నెండు డిగ్రీలు. మా ఉత్తరాది బంధువులకు చెబితే నవ్వుతారు. కాని ఆ పన్నెండు డిగ్రీలు తడిసి ఉంటాయి. మబ్బు కిటికీలోంచి గదిలోకి వచ్చి పరుపులో దూరుతుంది. పొద్దున కట్టుకున్న చీర సాయంత్రానికి తడవకుండానే తడిసినట్టు ఉంటుంది.

మొదటి వారం నా తిప్పలు చెబితే మీకు నవ్వొస్తుంది. గంజి చీర గాలిలో చెమ్మ పీల్చి మధ్యాహ్నానికి ముద్దయింది. మూడో నాటికి పులిసిన వాసన. ఉతికిన చీర నాలుగు రోజులైనా ఆరదు. తోలు చెప్పులకు తెల్లగా బూజు. గొడుగు వేసుకుంటే వాన పైనుంచి కాక పక్కనుంచి వస్తుంది, మంచయితే కిందనుంచి కూడా వస్తుంది. నుదుట కుంకుమ కారి ముక్కు మీదికి వచ్చి, క్యాష్ కౌంటరు దగ్గర ఒక ముసలావిడ "దెబ్బ తగిలిందా అమ్మా?" అని కంగారు పడింది. రెండో వారానికి జలుబు గుండెల్లోకి దిగింది. తోటి ఉద్యోగులు మంచిమాటే చెప్పారు: "మేడమ్, ఇక్కడ చీర సాగదు. ప్యాంటు, జాకెట్టు వేసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎవరో అనుకుంటారని కాదు నా బాధ. యాభై దాటాక అద్దంలో కొత్త మనిషిని చూసుకునే ఓపిక నాకు లేదు.

కానీ పంతంతో జలుబు తగ్గదుగా. మొదట అందరూ చేసే పనే చేశాను. ఊటీలో టిబెటన్లు ఉన్ని దుస్తులు అమ్మే అంగళ్ళకు వెళ్ళి ఒక లావుపాటి స్వెట్టరు, శాలువా కొని చీర మీద వేసుకున్నాను. వెచ్చగా ఉంది, నిజమే. కాని చీర కనబడదు, పైట కదలదు, కుచ్చిళ్ళు మాత్రం కింద తడుస్తూనే ఉంటాయి. మూటలో మూటలా ఉన్నాను. పైగా అసలు చలి ఎక్కడినుంచి ఎక్కుతోందో నాకు తెలియలేదు.

అది చెప్పింది ఒక తేయాకు తోట పనిమనిషి. జీతం డబ్బు తీసుకోవడానికి వాన రోజున నలుగురైదుగురు కలిసి వచ్చారు. తోటల్లో పనిచేసేవాళ్ళలో 1964 శాస్త్రి, సిరిమావో ఒప్పందం తరవాత శ్రీలంక నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరూ చీరల్లోనే ఉన్నారు! రవిక మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తల చుట్టూ మందపాటి తువ్వాలు, నడుముకు కాళ్ళ దాకా వేలాడే ప్లాస్టిక్ పట్టా, చీర పిక్కల దాకా ఎత్తి దోపి, కాళ్ళకు రబ్బరు బూట్లు. బయట జోరు వాన. వాళ్ళ ఒంటి మీద పొడి చీర. నేను కౌంటరు లోపల కూర్చుని వణుకుతున్నాను. వాళ్ళలో పెద్దావిడ నా కాళ్ళవంక చూసి తమిళంలో అంది: "అంచు నీళ్ళు తాగుతోందమ్మా. దీపం వత్తి నూనె పీల్చినట్టు పైకి పీలుస్తుంది. ముందు దాన్ని ఎత్తు."

ఇంటికెళ్ళి చూసుకున్నాను. నిజమే. చీర అంచుకు లోపల కుట్టించే ఫాల్ ఉంటుంది కదా, అది మందపాటి నూలు గుడ్డ. రోడ్డు మీది తడి అంతా ముందు అది తాగి మోకాళ్ళ దాకా పంపుతోంది. కింద నూలు లంగా, అదీ అంతే. నూలు తడిస్తే ఒంటికి అతుక్కుని ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో మూడో వంతు దాకా తేమ పట్టినా తడి తెలియనివ్వదు. పోగులో ఉండే వంకీల మధ్య గాలి నిలిచి వెచ్చదనం పోకుండా ఆపుతుంది. పట్టు కూడా పల్చగా ఉన్నా ఒంటికి వెచ్చనే. మన పాతకాలం ఇళ్ళలో మడికి పట్టుబట్ట, లేకపోతే ఉన్నితో నేసిన ధావళి కట్టేవారు. మార్గశిర మాసం తెల్లవారుజామున తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్ళే మా నాయనమ్మకు ఆ ధావళి ఆచారానికే కాదు, చలికి కూడా పనికొచ్చి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

నాలుగు వారాలు పట్టింది నాకు లెక్క సరిపోవడానికి. మీలో ఎవరికైనా కొండ ప్రాంతానికి బదిలీ వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. నూలు ఫాల్ విప్పించి పల్చటి పాలిస్టరు ఫాల్ కుట్టించాను. అది నీళ్ళు తాగదు, దులిపితే ఆరిపోతుంది. కట్టు నాలుగు వేళ్ళు పైకి. నూలు లంగా బదులు శాటిన్ లంగా, దాని లోపల కాళ్ళకు అతికినట్టుండే పల్చటి ఉన్ని థర్మల్. బొటనవేలు విడిగా ఉండే ఉన్ని మేజోళ్ళు, చీలమండ దాకా వచ్చే రబ్బరు అడుగు బూట్లు. బూట్లు మొదట్లో వింతగా అనిపించాయి గాని, ముదురు రంగు చీర కింద ఎవరి కంటా పడలేదు.

అసలు కిటుకు రవికలో ఉంది. వెల్లింగ్టన్‌లో సైనిక అధికారుల కళాశాల ఉంది, దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వస్తాయి. ఒకరోజు అక్కడినుంచి వచ్చిన ఒక ఉత్తరాది ఆవిడ కౌంటరు దగ్గర నిలబడింది. పొడుగు చేతుల ఉన్ని రవిక, మెడ దాకా. దానిపైన పట్టుచీర పైట ఎంచక్కా జారుతోంది. స్వెట్టరు చీర పైన కాదు, చీర లోపల! ఇంత చిన్న విషయం నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. కూనూరు బజారులో ఒక టైలరు చేత పల్చటి ఉన్ని సూటింగ్ గుడ్డతో మూడు రవికలు కుట్టించాను: నలుపు, కాఫీపొడి రంగు, ముదురు ఎరుపు. ఆ మూడింటితో నా చీరలన్నీ సాగాయి.

చీరల్లో కూడా ఏరుకోవాలి. వెంకటగిరి, ఉప్పాడ జాందానీ పెట్టెలోనే ఉండనివ్వండి, అవి ఎండాకాలపు చీరలు. మంగళగిరి, నారాయణపేట కాస్త దిట్టంగా ఉంటాయి కాబట్టి ఆగుతాయి. పట్టు, నూలు కలిసిన మా కోయంబత్తూరు కోరా చీర కూడా ఈ చలికి బాగానే పనికొచ్చింది. గంజి మాత్రం సంక్రాంతి దాకా బంద్. వాన కోటు కంటే చేతులు లేని కేప్ మేలు, పైట నలగదు. బీరువాలో రాత్రింబవళ్ళు చిన్న బల్బు వెలిగించి ఉంచితే బూజు పట్టదని పక్కింటావిడ చెప్పింది. నేను తెలివిగా ఎల్.ఇ.డి. బల్బు పెట్టాను. చీరలు బాగా కనిపించాయి గాని బూజు మాత్రం పట్టింది. దానికి వేడెక్కే పాతరకం బల్బే కావాలట!

నవంబరు చివరలో రెండు రోజులు వాన తెరిపి ఇస్తే నాయనను తీసుకురావడానికి వెళ్ళాను. రైల్లోనే వస్తానన్నాడు. మేట్టుపాళయం నుంచి కూనూరుకు ఈ రైలు 1899లో వచ్చింది. ఊటీ దాకా పొడిగించింది 1908లో. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కల్లార్ దాటాక పట్టాల నడుమ పళ్ళ కమ్మీ మొదలవుతుంది, ఇంజను పళ్ళచక్రం దాన్ని పట్టుకుని మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. నాయన మిల్లు మనిషి కదా, "ఇది మన కార్డింగు మిషను పళ్ళచక్రం లాంటిదే" అంటూ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా చల్లటి నీటి చుక్కలు మీద పడుతున్నాయి. తెల్లటి నూరో నంబరు పంచె, అర చేతుల చొక్కా, భుజాన ఉత్తరీయం. శాలువా ఇస్తే మడిచి ఒడిలో పెట్టుకున్నాడు. "అప్పుడే ముసలాణ్ణి చేస్తావా?"

వారం తిరగకుండా జ్వరం వచ్చింది. ఒకనాడు నేను ఆఫీసులో ఉండగా పాల ప్యాకెట్టుకని బయలుదేరి వానలో తడిశాడు. దగ్గు, ఆయాసం. డాక్టరు ఛాతీ పరీక్షించి మందులు రాసి, "ఈ వయసులో కాళ్ళు, తల వెచ్చగా ఉండాలి. ప్యాంటు, స్వెట్టరు, మంకీ క్యాప్ వేయండి. లేకపోతే కిందికి తీసుకెళ్ళిపోండి" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఉన్నమాటే చెప్పాడు. నేను బజారుకెళ్ళి ట్రాక్ ప్యాంటు, మంకీ క్యాప్ తెచ్చాను. నాయన మాట్లాడకుండా తొడుక్కున్నాడు.

ఆ మాట్లాడకపోవడమే నన్ను భయపెట్టి ఉండాల్సింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. నాయన మాత్రం గది దాటి రాలేదు. వరండాలో కుర్చీ వేస్తే "వద్దులే" అన్నాడు. పక్కింటాయన పలకరించడానికి వస్తే దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుని నిద్ర నటించాడు. పది రోజులు. మందులు పనిచేశాయి, మనిషి మాత్రం తగ్గిపోతున్నాడు. ఒక రాత్రి మెల్లగా అన్నాడు: "తల్లీ, నన్ను కిందికి పంపించెయ్. అక్కడ ఒంటరిగా ఉన్నా పంచె కట్టుకుని ఉంటాను."

ఒంటరి ఇల్లు ఒక పక్క, ఈ చలి ఒక పక్క. ఏ పద్దు కింద రాసినా నష్టమే.

మరునాడు బ్రాంచికి ఒక బడగ పెద్దాయన వచ్చాడు. బడగలు ఈ కొండల్లో తరతరాలుగా ఉన్నవాళ్ళు, వాళ్ళ భాష కన్నడానికి దగ్గర. ఇప్పుడు ఎక్కువమంది చిన్న తేయాకు రైతులు. ఆయనకు మా నాయన వయసే ఉంటుంది. తెల్ల పంచె, పైన ముదురు రంగు కోటు, కోటు మీద తెల్ల దుప్పటి, తలకు తెల్లటి తలపాగా. ఫారం నింపుతూ అడిగాను, చలి వేయదా అని. ఆయన కోటు గుండీ విప్పి లోపల రెండు పొరల ఉన్ని బనీను చూపించాడు. తలపాగా అంచు కొంచెం ఎత్తాడు. లోపల చెవుల మీదుగా చుట్టిన ఉన్ని మఫ్లరు! "పైన మా తాతది, లోపల లూధియానాది" అని నవ్వాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఈ సంగతి నాయనకు చెప్పాను. మొదట పలకలేదు. కాసేపయ్యాక "తలపాగా ఎన్ని మూరలు ఉంటుంది?" అని అడిగాడు. నా కడుపులో పాలు పోసినట్టయింది.

తరవాత అంతా ఆయనే నడిపించాడు. "నూరో నంబరు నూలు గాలిని ఆపదు, 40 నంబరు పంచె కావాల" అన్నాడు. నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, 40 అంటే దిట్టం. మావారు తిరుప్పూరు నుంచి వస్తూ నాలుగు పంచెలు, తెల్లటి థర్మల్ జతలు తెచ్చారు. "గోచీ కట్టుకు మించింది లేదు చలికి. అడ్డకట్టయితే గాలి దూరుతుంది. గోచీ పోస్తే ఏ కాలికి ఆ కాలు మూసుకుంటుంది. లోపలిది ఎవరికి కనబడుతుంది?" అన్నాడు. అది అక్షరాలా నిజం. నా రవికలు కుట్టిన టైలరే మెడ దాకా గుండీలు ఉండే పొడుగు ఉన్ని కోటు కుట్టాడు. పంచె మీద మూసిన కోటు, ఉత్తరీయం, తలపాగా: వంద ఏళ్ళ కిందటి ఫోటోల్లో మన పెద్దమనుషుల వేషం ఇదే కదా! తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరుగా చేరారు. మనం ఫోటోల్లో చూసేది ఆ తెల్ల తలపాగా, పొడుగు కోటే. "అక్కడి చలివాన కంటే కూనూరు వాన ఎక్కువా?" అన్నాడు నాయన, పది రోజులు ట్రాక్ ప్యాంటులో మూలుగుతూ పడుకున్న మనిషి!

తలపాగా చుట్టడం మాత్రం అంత సులువు కాలేదు. వాళ్ళ తాత చుట్టుకుంటుంటే చిన్నప్పుడు చూసిన గుర్తు తప్ప ఆయన ఎప్పుడూ చుట్టలేదు. మూడు రోజులు అద్దం ముందు కుస్తీ పట్టాడు. ఒకటి అరటిపువ్వులా లేచింది, ఇంకొకటి కంటి మీదికి జారింది. నాలుగో రోజు నిలిచింది. లోపల మఫ్లరు చెవులు కప్పుతోందో లేదో నేను వేలు పెట్టి చూశాను, డాక్టరుకు ఇచ్చిన మాట కదా.

జనవరిలో బడగల హెత్తై అమ్మ పండుగ వచ్చింది. కోటగిరి వైపు బేరగణిలో గొప్పగా జరుగుతుంది. మేమూ వెళ్ళాం. మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లటి మంచులోంచి తెల్లటి దుప్పట్లు, తెల్లటి తలపాగాలతో వందల మంది నడిచి వస్తున్నారు. ఆడవాళ్ళూ తెల్లబట్టల్లోనే. నాయన నిలబడిపోయి చూశాడు. ఒక ముసలాయన ఈయన తలపాగా చూసి తనవాడనుకుని బడగలో ఏదో పలకరించాడు. ఈయన తెలుగులో జవాబిచ్చాడు. ఇద్దరికీ ఒకరి ముక్క ఒకరికి అర్థం కాలేదు, నవ్వుకుని దండాలు పెట్టుకున్నారు.

తిరుగు దారిలో ఊటీ వెళ్ళి తోడాల పుత్తుకుళి చూశాం. ఎరుపు, నలుపు దారాలతో కుట్టుపని ఉండే తెల్లటి మందపాటి దుప్పటి. తోడా ఎంబ్రాయిడరీకి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను అది ఉన్ని అనుకున్నాను. నాయన రెండు వేళ్ళ మధ్య నలిపి "నూలే" అన్నాడు. తిరగేసి, మళ్ళీ తిరగేసి, "ఏది మొగం, ఏది తిరగ?" అని అడిగాడు. అమ్మే ఆవిడ నవ్వి, మనం తిరగ అనుకునే గరుకు వైపే తమకు పైవైపు అంది. గీత గీయకుండా పోగులు లెక్కపెట్టి కుడతారట. "లెక్క తప్పితే?" అన్నాడు నాయన. "విప్పి మళ్ళీ కుడతాం" అందామె. ఆయనకు ఆ జవాబు తెగ నచ్చింది. ఆ దుప్పటి కొనమని మారాం చేశాడు, కొన్నాను.

ఆ మరుసటి ఆదివారం సిమ్స్ పార్కు. 1874లో మొదలైన తోట, అందులో ఒక రుద్రాక్ష చెట్టు ఉంది, దాన్ని చూడాలని ఆయన కోరిక. సన్నటి తుంపర. నేను ఎర్ర ఉన్ని రవిక, నల్ల నారాయణపేట చీరతో. నాయన పూర్తి అలంకారంతో, చేతికర్ర పట్టుకుని. చెట్టు దగ్గర నిలబడి ఉండగా వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"పెద్దాయనా, మీరు తెలుగువాళ్ళా అండీ?"

గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అందరూ మంకీ క్యాపుల్లో వణుకుతున్నారు. పంచెకట్టు చూసి పోల్చుకున్నారట. నాయన నోట మాట రాలేదు. ఎనభై రెండేళ్ళలో, పుట్టిన ఊళ్ళో, ఆయన కట్టు చూసి తెలుగులో పలకరించిన కొత్తమనిషి ఒక్కడూ లేడు. గొంతు సవరించుకుని, "అవునయ్యా. మాది కోయంబత్తూరు" అన్నాడు. తరవాత ఆ పిల్లవాడి బూట్లు చూసి, "మేజోళ్ళు తడిసినాయి. ముందు అవి విప్పించమ్మా, నూలువి, ఒంట్లో వేడి లాగేస్తాయి" అని ఆ తల్లికి చెప్పడం మొదలుపెట్టాడు. అరగంట సేపు చెప్పాడు. వాన పెద్దదయినా కదల్లేదు.

ఫిబ్రవరి చివర ఎండలు రాగానే కిందికి దిగాడు. కోటు, థర్మళ్ళు, మఫ్లరు నాఫ్తలీను ఉండలతో పెట్టెలో పెట్టించి, పైన "కూనూరు" అని చీటీ అంటించాడు. 2023 నవంబరులో మళ్ళీ తీసుకొద్దామని ఫోను చేస్తే పెట్టె సిద్ధంగా ఉందన్నాడు. వానలకు పట్టాల మీద మట్టి, చెట్లు పడి రైలు ఆపేశారు, బస్సులో రావాలి నాయనా అన్నాను.

"సరే, కిటికీ పక్క సీటు చూడు" అన్నాడు. "శాలువా కప్పుకుంటాలే."